ఓడ తోబుట్టువులు

టొంగార్, పడమటి సుమత్రా
1954 మార్చి

ఒకే ఓడెక్కిన నా జాజీ తమ్ముడు కసన్‌పవీరోకు, అన్న మార్తోరెజో దీవించి రాసేది.

దిగాం. ప్రాణాలతో దిగాం, ఒక్క తల కూడా లెక్క తప్పకుండా దిగాం. పరమారిబో రేవులో నువ్వు టోపీ ఊపుతూ "ముసలి మేకా, సముద్రం మధ్యలో మనసు మార్చుకుంటావులే" అని అరిచావు చూడు, ఓడలో సగంమంది విన్నారు. వాళ్లందరి తరఫునా చెబుతున్నాను, ఎవరి మనసూ మారలేదు.

ముప్పై అయిదేళ్ల కిందట జావాలో సెమరాంగ్ రేవులో మనల్ని ఎక్కించినప్పుడు మెడకు నంబరు బిళ్ల కట్టి ఓడ అడుగున పడుకోబెట్టారు. సురినామ్‌లో చెరకు తోటకు కూలీలు కావాలి, మనం దొరికాం. ఈసారి ఎవరూ మమ్మల్ని పట్టుకుపోలేదు. మాకు మేమే సంఘం పెట్టుకుని, ఓడ మాట్లాడుకుని, రెండు ట్రాక్టర్లూ కుట్టుమిషన్లూ రంపం మిల్లూ వేసుకుని పుట్టిన దేశానికి వచ్చాం. వెయ్యిమందిమి! జావాలో చోటు లేదట, అందుకని సుమత్రాలో భూమి ఇచ్చారు. ఇది జావా కాకపోతేనేం, పక్కదేగా. అడవి కొట్టేశాం, పలకలతో ఇల్లు లేపాను. మీ వదిన అప్పుడే గుమ్మం ముందు బంతి నారు పోసింది.

నడి సముద్రంలో నేనొక ఘనకార్యం చేశాను. పెద్దలందరినీ పైన కూర్చోబెట్టి, దువా చదివించి, పసుపన్నం పంచి, "ఒకే ఓడలో వస్తున్నాం కాబట్టి ఈ వెయ్యిమందీ ఇకనుంచి జాజీలే, ఒక్క తల్లి బిడ్డలే" అని ప్రమాణం చేయించాను. మాటలు నావే, అన్నం నాదే. ఆ రోజుల్లో నీకూ నాకూ ఎవరూ చేయించలేదు, అయినా మనం తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువ అయ్యాం. కొత్త చోట వెయ్యిమంది అలా ఉంటే ఇంక దేనికి భయం?

అన్నట్టు, ఇక్కడ నమాజుకి పడమటికే తిరగాలి. దిక్సూచి పెట్టి మరీ చూశారు. "జావానుంచి మక్కా పడమర, సురినామ్ నుంచి తూర్పు, భూమి గుండ్రంగా ఉంటుంది అన్నా" అని ఇరవై ఏళ్లు నా బుర్ర తిన్నావు. అక్కడా జావాలోలాగే పడమటికి తిరిగే మా పడమటివాళ్లను చూసి మీ తూర్పువాళ్లు మసీదు గుమ్మంలో నవ్వేవారు. ఇప్పుడు నవ్వమను.

ఇక మావాడు సలిమిన్ సంగతి. గనిలో వాడి ఒప్పందం ఏడాది చివరికి తీరుతుంది. రెండో ఓడ జాబితాలో వాడి పేరు నేనే రాయించి వచ్చాను. అందాకా వాడు నీ కొడుకే. నీకు ముగ్గురూ ఆడపిల్లలు కదా, ఒక మగపిల్లవాణ్ణి అరువిస్తున్నాను. పని చేయించుకో, తిట్టుకో, తిండి పెట్టు. మీ చిన్నమ్మాయి తుమీనాకి కూడా చెప్పు, అన్నయ్య బట్టలు కాస్త చూస్తుండమని. ఇక్కడ ట్రాక్టర్లు రెండూ తోలేవాడు లేక నిలబడి ఉన్నాయి. నాకున్నదీ వాడొక్కడే. వాణ్ణి ఆ ఓడ ఎక్కించు, నీకింకేం పని చెప్పను.

పడమటికి తిరిగి కూర్చుని రాస్తున్న
నీ జాజీ మార్తో


కొమ్మేవైన నది ఒడ్డు, సురినామ్
1954 మే

జాజీ అన్నకు, తూర్పుకి తిరిగి కూర్చుని తమ్ముడు కసన్ రాసేది.

నీ ఉత్తరం ఊరంతా చదివారు. నీ పడమర గెలుపు గురించి నాదొకటే మాట. మనిషన్నవాడు పొరపాటుంటే తను తిరుగుతాడు. నువ్వు దేశాన్నే తిప్పేశావు. ఒక్క చాప అటుది ఇటు వేసుకుంటే పోయేదానికి రెండు సముద్రాలు దాటినవాణ్ణి నిన్నే చూశాను.

మీరు వెళ్లాక జిల్లా కచేరీ నుంచి గుమాస్తా వచ్చాడు, జావావాళ్లు ఎంతమంది తగ్గారో రాసుకోవడానికి. నల్లాయన, మంచి బూట్లు. కాగితం నిండా గీతలు గీసుకొచ్చాడు. క్రియోలు అనే నల్లవాళ్లు ఒక గడి, హిందుస్తానీ ఒక గడి, జావా ఒక గడి, చీనా ఒక గడి, అడవి ఊళ్లవాళ్లు ఒక గడి, ఆదివాసులు ఒక గడి. మన చీనా కొట్టాయన పెళ్లాం జావా మనిషేగా. ఆవిడ పిల్లల్ని ఏ గడిలో వెయ్యాలని ఆయన తల పట్టుకున్నాడు. "కొట్టు తెరిచి ఉన్నప్పుడు చీనావాళ్లండీ, మూశాక జావావాళ్లు" అంది ఆవిడ. ఆయన రాసుకోబోయాడు కూడా.

మా పొరుగు హిందుస్తానీ బిసేసర్ తన ఆవుని మా గట్టు మీదకే తోలుతున్నాడు, నువ్వున్నప్పుడు ఎలాగో ఇప్పుడూ అలాగే. "మీ అన్న వెళ్లిపోయాడు, ఇక మీవాళ్లు తగ్గి మావాళ్లు ఎక్కువవుతారు" అన్నాడు. "మీవాళ్లు ఎక్కువైతే అవనీ, నీ ఆవు మాత్రం తగ్గాలి" అన్నాను. నీ కబురు చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, చెప్పొద్దన్నాడు, చెబుతున్నాను.

నేను రాలేదని నీకు కోపం ఉంది, రాయలేదు గానీ తెలుస్తోంది. అన్నా, నా రెండెకరాల వరి, నలభై నారింజ చెట్లు, ఇద్దరు పెళ్లయిన కూతుళ్లు, ఆరుగురు మనవలు ఇక్కడున్నారు. పుట్టిన ఊళ్లో నాకు ఊరి పేరు తప్ప ఏమీ మిగల్లేదు. పదిహేడేళ్ల కుర్రాడిగా ఎక్కాను. పోయి ఎవరిని పలకరించను? నాకు ఇదే దేశం, ఇందులో సందేహం లేదు.

సలిమిన్ పదిహేను రోజులకోసారి పడవలో దిగుతున్నాడు. మా పంపు బాగుచేశాడు, కప్పు బాగుచేశాడు. ఇప్పుడు బాగున్నవాటిని కూడా బాగుచేస్తున్నాడు. బుద్ధిమంతుడు. ఓడ ఎక్కించే బాధ్యత నాది.

ఒక సందేహం. వెయ్యిమందికీ ప్రమాణం చేయించానని రాశావు. జాజీల పిల్లలు అన్నాచెల్లెళ్లు, వాళ్లకి పెళ్లి కూడదు, ఆ సంగతి మాకు పదేపదే చెప్పింది నువ్వే. మరి ఊరు ఊరంతా జాజీలైతే ఆ ఊళ్లో పెళ్లి ఎవరు చేసుకుంటారు?

నారింజలు దింపుతూ మధ్యలో రాసిన
కసన్


టొంగార్
1954 జూలై

తమ్ముడూ,

నీ నోరు మంచిది కాదు. నువ్వు అడిగిన సందేహం నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుంది.

పోయిన నెలలో మా రంపం మిల్లు మేస్త్రీ వచ్చాడు. వాడి కొడుక్కీ కుట్టుమిషను విధవరాలి కూతురికీ సంబంధం ఖాయం చేద్దామంటాడు. "ఇద్దరూ ఒకే ఓడ కదరా" అన్నాను. "ఈ ఊళ్లో అందరూ ఒకే ఓడ కదండీ" అన్నాడు. మర్నాడు ఇంకొకడు. ఇప్పటికి పదకొండు జంటలు. మీటింగు పెట్టారు. ఒక కుర్రది, పట్టుమని పద్దెనిమిదేళ్లు లేవు, లేచి నిలబడి, "పెద్దనాన్నా, అన్నం పెట్టి నోరు కట్టేశారు. చెప్పి ఉంటే ఆ ముద్ద తినకపోదుము" అంది. ఊరంతా నవ్వారు. నేను నవ్వలేదు. మాట మాటే అన్నాను. ఓడలో ఒకలా ఒడ్డున ఒకలా ఉంటే అది ఆచారమవుతుందా? నువ్వే చెప్పు.

అయితే బయట సంబంధాలు చూడాలన్నారు. సరే, సలిమిన్‌కి నేనే మొదలుపెట్టాను. చుట్టూ ఊళ్లన్నీ మినాంగ్‌వాళ్లవి. మర్యాదస్తులు. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు, పిల్ల కూడా బాగుంది. తీరా చూస్తే వాళ్లలో ఆస్తి ఆడవాళ్లది, అల్లుడు వచ్చి అత్తగారింట్లో ఉండాలి. ఇల్లరికం! భూగోళం చుట్టొచ్చి నా ఒక్క కొడుకుని ఇల్లరికం పంపుతానా? కాఫీ తాగి వచ్చేశాను. ఇంకోచోట చూస్తున్నాను, వాడు దిగేలోపు తేలుస్తాను.

ఆ ఊళ్లవాళ్లు మమ్మల్ని ఏమంటారో తెలుసా? సురినామ్ మనుషులంటారు. ముప్పై అయిదేళ్లు అక్కడ జావావాణ్ణి, ఇక్కడ అడుగుపెట్టగానే సురినామ్‌వాణ్ణి. మొదట కోపమొచ్చింది. తర్వాత మా పిల్లల్ని చూశాను. వాగులో ఈదుతూ పరమారిబో వీధిభాషలో ఒకళ్లనొకళ్లు బూతులు తిట్టుకుంటున్నారు. వాళ్లనుకోవడంలో తప్పు లేదు.

మన పెరట్లో ఉండే ఆ పసుప్పచ్చ గుండు మిరపకాయ గింజలు కాగితంలో చుట్టి పంపు. ఇక్కడి కారం కారంలాగే లేదు. మీ వదిన అడగమంది, నేను కాదు.

వానలు కొంచెం ఎక్కువగా ఉన్నాయి. కొందరు చమురు బావుల్లో పని దొరుకుతుందని తూర్పు తీరానికి పోతున్నారు. ఓపిక లేని మనుషులు. సలిమిన్ వస్తే ఆ ట్రాక్టర్లు కదులుతాయి. వాడిక్కడ ఉండాలి, తమ్ముడూ. రెండో ఓడ కబురు ఏమైనా తెలిసిందా?

నీ జాజీ
మార్తో


కొమ్మేవైన
1954 సెప్టెంబరు

జాజీ అన్నకు,

మిరప గింజలు ఇందులో ఉన్నాయి. ఎండబెట్టి, బూడిద అద్ది, తుమీనా చుట్టింది. ముందు అవి తీసి వదినకివ్వు. తర్వాత కూర్చుని ఈ కాగితం చదువు. నిలబడి చదవకు.

నీకు ఒక సంగతి పోయిన ఉత్తరంలో రాయలేదు. అప్పటికి నాకే తెలియదు.

మొన్న ఆదివారం సలిమిన్ దిగాడు. ఇస్త్రీ చొక్కా. నేను నారింజ మొక్కలకి గొయ్యి తీస్తున్నాను. నా చేతిలో పార లాక్కుని తవ్వడం మొదలుపెట్టాడు.

"ఏరా, గనిలో తవ్వింది చాల్లేదా?" అన్నాను.

"ఇది వేరండీ" అన్నాడు.

అండీ! చిన్నప్పుడు నా భుజం మీద ఉచ్చపోసినవాడు, ఇన్నేళ్లు 'బాబాయ్ బాబాయ్' అని నా వెనకాల తిరిగినవాడు నన్ను 'అండీ' అన్నాడు. అప్పుడు వెనక్కి లెక్కేసుకున్నాను. నాలుగు నెలలుగా వాడు నన్ను బాబాయ్ అనలేదన్నా. ఏ పిలుపూ లేదు. గొంతు సవరించుకుని మాట మొదలుపెడుతున్నాడు. ఇంట్లో చూస్తే తుమీనా కూడా 'అన్నయ్య' మానేసింది. "అమ్మా, పడవ వచ్చింది" అంటుంది. పడవలో ఎవరొచ్చారో చెప్పదు.

"ఏరా, బాబాయ్ ఎక్కడికి పోయాడు?" అని అడిగాను.

పార ఆపాడు. చెమట తుడుచుకున్నాడు. "ఆ మాట నోటికి రావడం లేదండీ" అన్నాడు.

"మరి ఏం వస్తోంది?"

"మామా అని వస్తోంది" అన్నాడు.

నేను గొయ్యి గట్టున కూలబడ్డాను. నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపం రాలేదు, భయం వేసింది. నీ మొహం కనిపించింది. తర్వాత కోపం తెచ్చుకుని ఇంట్లోకి వెళ్లి తుమీనాని నిలదీశాను. "మేము ఒకే ఓడవాళ్లం. వాడు నీకు అన్న. సిగ్గు లేదా?" అన్నాను.

అది పొయ్యి దగ్గరనుంచి లేవను కూడా లేవలేదు. "ఓడ ఎక్కింది మీరు నాన్నా. నేను ఏ ఓడా ఎక్కలేదు, ఆయనా ఎక్కలేదు. ఇద్దరం ఈ ఏటి ఒడ్డున పుట్టాం. ఇద్దరికీ పురుడు పోసింది ఒకే క్రియోలు మంత్రసాని. దాని లెక్కన చూస్తే ఈ జిల్లాలో నల్లవాళ్లూ హిందుస్తానీలూ అందరూ నాకు అన్నదమ్ములే అవ్వాలి" అంది.

"పెద్దల మాటంటే లెక్కలేదా?"

"లెక్క ఉంది కాబట్టే లేచిపోలేదు. చెప్పి చేసుకుందామని కూర్చున్నాం" అంది.

మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వింది. దానికి ముందే తెలుసు. ఈ ఇంట్లో ఆఖరున తెలిసేది నాకే.

అన్నా, వీళ్లు చెడ్డపని చేయలేదు. నీ కొడుకు నా గడప దాటేటప్పుడు ఇప్పటికీ తల వంచుకునే వస్తాడు. నాకు వాణ్ణి కాదనడానికి మన ఓడ తప్ప కారణం దొరకలేదు. వెతికాను. నీకు దొరికితే రాయి. లేకపోతే ఒప్పుకో.

నీ తమ్ముడు
కసన్


టొంగార్
1954 నవంబరు

కసన్‌పవీరో గారికి,

మీ ఉత్తరం అందింది. గింజలు అందాయి.

నా కొడుకుని మీకు అప్పగించి వచ్చాను. అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేయమని మీరే నాకు రాస్తారని అనుకోలేదు. ఓడ ఎక్కిన పదిహేడో రోజు పొద్దున మీ అన్న సరీమన్‌ని చాపలో చుట్టి నీళ్లలోకి వదిలినప్పుడు మీరు కమ్మీ పట్టుకుని దూకబోయారు. మిమ్మల్ని నడుం పట్టి వెనక్కి లాగి నేను ఏమన్నానో మీకు గుర్తుండాలి. ఆ మాట సముద్రం మీద అన్నాను, సరీమన్ వింటూ ఉండగా అన్నాను. అది ఇప్పుడు నా కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడని మారదు. పదకొండు జంటల్ని ఇక్కడ ఇదే మాట చెప్పి ఆపాను. నా ఇంట్లోకి వచ్చేసరికి ఇంకో మాట చెప్పనా?

తుమీనాకి మంచి సంబంధం చూసి పెళ్లి చేయండి. సలిమిన్‌ని రెండో ఓడ ఎక్కించండి.

మార్తోరెజో


కొమ్మేవైన
1955 జనవరి

అన్నా,

'గారు' అన్నావు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ముప్పై అయిదేళ్లలో నువ్వు నన్ను పందీ అన్నావు, తూర్పు మొద్దూ అన్నావు, ఒకసారి కొబ్బరికాయ విసిరావు. గారు మాత్రం ఎప్పుడూ అనలేదు.

ముందు కబురు. సలిమిన్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని, "నాన్న ఎక్కమంటే ఎక్కుతాను. ఆయనకి నేనొక్కణ్ణే" అన్నాడు. తుమీనా దగ్గరికి వెళ్లి అదే చెప్పాడు. అది ఏడవలేదు. "వెళ్లండి. నేను ఇంకెవర్నీ చేసుకోను, ఆ సంగతి కూడా మీ నాన్నకి చెప్పండి" అని పెరట్లోకి పోయింది. నువ్వు గెలిచావన్నా. నువ్వు ఎలా పెంచావో వాడు అలాగే ఉన్నాడు. కాబట్టి ఇక్కడ తేల్చేది వాళ్లు కాదు, ఓడ కాదు, నువ్వే.

బిసేసర్‌తో మొరపెట్టుకున్నాను. పకపకా నవ్వాడు. "జాజీ అనే మాట మాది. మా తాతలు కలకత్తా రేవులో ఎక్కినప్పుడు జహాజీ భాయ్ అనుకున్నారు. మీవాళ్లు మా పక్క బారకాసులో పడుకుని ఎత్తుకుపోయారు. మేమూ మొదట్లో మీలాగే పట్టుబట్టాం. తర్వాత చూసుకుంటే ఊళ్లో పెళ్లికాని ముదుర్లు తప్ప ఎవరూ మిగల్లేదు. ఎరువు సొమ్ము బరువు చేటు కసన్, మేమే దించేసినదాన్ని మీరు ఇంకా మోస్తున్నారు" అన్నాడు. ఆ ఆవులవాడు నాకు బుద్ధి చెప్పేదాకా వచ్చింది.

కానీ నేను వాడి మాట పట్టుకుని నిన్ను అడగటం లేదు. నీ మాట బరువు నాకు తెలుసు. నువ్వు నన్ను కమ్మీ దగ్గరనుంచి లాగి, "నీ అన్న పోలేదురా, ఇదిగో నేనున్నాను" అన్నావు. నాకు పదిహేడేళ్లు. నువ్వు ఆ మాట అనకపోతే నేను దూకేవాణ్ణి. తర్వాత అయిదేళ్లు చెరకు కొట్టినప్పుడు, మేనేజరు నా గడియారం చూసి దొంగతనం కట్టబోయినప్పుడు, నా పెళ్లికి, నా పిల్లల పురుళ్లకి అన్నగా నిలబడ్డావు. ఆ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. మిగిలింది ఏమీ లేదు.

నువ్వు ఆ మాట ఇచ్చింది సముద్రానికి కాదు, సరీమన్‌కి కాదు. నాకు ఇచ్చావు. పుచ్చుకున్నవాణ్ణి నేనైతే, విడిచిపెట్టే హక్కు కూడా నాదే. విడిచిపెడుతున్నాను. ఈ రోజునుంచి నువ్వు నాకు అన్నవి కాదు. నా ఇద్దరు అన్నలూ పోయారు. ఒకణ్ణి నీళ్లు తీసుకున్నాయి, రెండోవాణ్ణి నా కూతురి కోసం నేనే వదులుకుంటున్నాను. నేను చాలా పిసినారిని, నీకు తెలుసు. ఇంతకంటే పెద్దది ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను.

అన్నదమ్ముల పిల్లలకి పెళ్లి కుదరదు. బావల పిల్లలకి ఏ అడ్డూ లేదు.

పెద్ద ఉత్తరం రాయనక్కర్లేదు. పైన జాజీ అని రాస్తే నాకు అర్థమవుతుంది, వాణ్ణి నేనే రేవుకి తీసుకెళ్లి ఎక్కిస్తాను, మాట తప్పను. బావా అని రాస్తే పెళ్లికి చాప వేస్తాను. మొదటి మాట చూస్తే చాలు.

కసన్


టొంగార్
1955 మార్చి

బావా,

రాశాను. ఈ ఒక్క మాటకి రెండు రోజులు పట్టింది. మొదటి కాగితం మీద చెయ్యి అలవాటుగా జాజీ అని రాసేసింది. అది చింపి పొయ్యిలో పెట్టాను, పొరపాటున కూడా నీకు చేరకూడదని.

ఏడ్చాను. దాచను. నా ఆడది, ఇకనుంచి నీకు వదిన కాదుగా, అక్కయ్య, చూసి హడలిపోయింది. "ఎవరు పోయారండీ?" అంది. "తమ్ముడు పోయాడే, బావ వచ్చాడు. కొడుక్కి పెళ్లి కుదిరింది" అన్నాను. ఒక నిమిషం నన్ను చూసి, "మార్తోరెజో, ఈ బుద్ధి నవంబరులో ఉంటే నాకు నాలుగు నెలల నిద్ర మిగిలేది" అంది. పేరు పెట్టి పిలిచింది బావా, ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి. ఆవిడకి తుమీనా అంటే మొదటినుంచీ ఇష్టమట. నాకు ఆఖరున తెలుస్తుంది అన్నావు, ఇద్దరం ఒకటే.

మర్నాడు మీటింగు పెట్టించాను. పసుపన్నం మళ్లీ వండించాను. లేచి నిలబడి, "ఓడలో మీ అందరిచేతా ప్రమాణం చేయించింది నేను. పుచ్చుకున్నవాడు విడిచిపెట్టొచ్చని నాకు ఒకాయన సురినామ్ నుంచి నేర్పాడు. మీ ప్రమాణం పుచ్చుకున్నది నేనే, విడిచిపెడుతున్నాను. మీ పెళ్లిళ్లు మీరు చేసుకోండి. తప్పు నాదే" అన్నాను. ఆ పద్దెనిమిదేళ్ల పిల్లే లేచి, "ఈ అన్నం తింటే ఇంకేం అంటుకోదు కదా పెద్దనాన్నా?" అంది. ఈసారి నేనూ నవ్వాను. వచ్చే నెలలో ఎనిమిది పెళ్లిళ్లు. మిగతా మూడు జంటలు ఈలోపు పోట్లాడుకుని విడిపోయాయి, దానికి నాకు సంబంధం లేదు.

నువ్వు చేతిలో ఉన్నది ఇచ్చేశావు, నేను దాచుకున్నది చెప్పకపోతే బాగుండదు. పలకల ఇల్లని రాశాను. అబద్ధం. ఏడాదిగా టార్పాలిన్ కింద పొడుగాటి పాకలో నలభై కుటుంబాలం ఉంటున్నాం. అడవి సగం కూడా తెగలేదు. సర్కారు కొట్టించి ఇస్తామన్న అడవి ఎవరూ కొట్టించలేదు. వచ్చినవాళ్లలో పావువంతు చమురు బావులకి పోయారు, ఓపిక లేక కాదు, బియ్యం లేక. నువ్వు నవ్వుతావని రాయలేదు.

అలాగని తిరిగి రాను. నేను ఓడిపోయి రాయడం లేదు, తెలుసుకో. నా ఇంటికి స్తంభాలు లేచాయి, పలకలు నా చేత్తోనే కోశాను, వానల్లోపు కప్పు వేస్తాను. నీ గుండు మిరప కాపుకొచ్చింది. మినాంగ్‌వాళ్లు ఒకటి కొరికి పరుగెత్తారు. ట్రాక్టరు సంగతి నేనే చూస్తున్నాను. ఈ వయసులో మెకానిక్కునయ్యాను, నవ్వు.

సలిమిన్‌కి ఈ ఉత్తరం నువ్వు చదివి వినిపించొద్దు, వాడి చేతికే ఇవ్వు. వాడు నా మాట వినేవాడని నువ్వు రాసిన రోజే నేను సగం ఒప్పుకున్నాను. ఎక్కమంటే ఎక్కేవాణ్ణి ఎక్కించడానికి నాకు మనసు రాలేదు. వాడు పుట్టిన దేశం అది. నేను పుట్టిన చోటికి నేను వచ్చాను, వాడు పుట్టిన చోట వాణ్ణి ఉండనివ్వాలి. ఇదొక్కటి తెలుసుకోవడానికి నాకు రెండు ఓడలు కావలసి వచ్చాయి.

పరమారిబో వెళ్లినప్పుడు సంఘం ఆఫీసులో రెండో ఓడ జాబితా అడిగి, సలిమిన్ పేరు నీ చేత్తో కొట్టెయ్యి. నేను ఒప్పుకున్నానని ఈ కాగితం చూపించు. ఆ ఓడ వస్తుందని ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. ఒకవేళ వచ్చినా వాణ్ణి ఎక్కనివ్వకు. పోయినప్పుడు నన్ను మోయడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు బావా. నీకు కొడుకులు లేరు. నిన్ను మోయడానికి అక్కడ నా కొడుకు ఉంటాడు.

మార్తోరెజో